బంక దాటిన కన్నం

"మీరే కదండీ, గుడ్డు టీచరు గారు?"

అమలాపురం బస్టాండులో ఉప్పలగుప్తం వైపు వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి అడిగిన మాట ఇది. నేను తేరుకునేలోపే తన ఫోను తీసి నా మొహం ముందు పెట్టింది. అందులో ఉన్నది నేనే. గంజి పెట్టిన చీర కట్టుకుని, ఉడికిన కోడిగుడ్డును చాకుతో నిలువునా కోసి, "ఇదిగో చూడండి, మన భూమి కూడా అచ్చం ఇలాగే ఉంటుంది" అంటూ పళ్ళికిలిస్తున్నాను.

"మాది ముమ్మిడివరం అవతలండీ. మా ఊళ్ళో కంపెనీ వాళ్ళు దీన్ని తెర కట్టి వేసేరు. మా మావగారు ఎవరు చెప్పినా విన్లేదండీ. మీ మాట విన్నాక రేపే సంతకం పెట్టేస్తానన్నారు. ఆయ్, ఎంత వివరంగా చెప్పేరండీ బాబూ!"

అరికాలి మంట నెత్తికెక్కింది. పాపం ఆవిడ మీద కాదు, ఆ ఫోనులో నవ్వుతున్న మనిషి మీద. "మీ ఇంట్లో నుయ్యి ఉందా అండీ?" అని అడిగాను. "ఉందండి, కొబ్బరినీళ్ళే అనుకోండి" అంది. ఊరి పేరు అడిగితే చెప్పింది. ఇంకో మాట అనేలోగా ఆవిడ బస్సు వచ్చేసింది, జనంతో పాటు తోసుకుని ఎక్కేసింది. కిటికీలోంచి నాకు నమస్కారం కూడా పెట్టింది. ఆ నమస్కారం చూస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

నేను ఇరవై ఆరేళ్ళుగా హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. తరంగాల పాఠం వచ్చిందంటే నాకు పూనకమే. పిల్లల్ని వరసగా నిలబెట్టి, ముందువాళ్ళ భుజాల మీద వెనకవాళ్ళ చేత చేతులు వేయించి, చివరి పిల్లను మెల్లగా తోసేదాన్ని. ఆ తోపు వరసంతా పాకి మొదటి పిల్ల దాకా వెళ్ళేది. "ఎవరైనా ఉన్నచోటు వదిలి వెళ్ళారా? లేదు. తోపు ఒక్కటే ప్రయాణం చేసింది. భూకంపంలో మొదట వచ్చే అల ఇదే" అనేదాన్ని. తరవాత అదే వరసను అడ్డంగా ఊగమనేదాన్ని. "ఇది రెండో రకం. నెమ్మదిగా వస్తుంది కానీ ఇళ్ళను ఎక్కువ ఊపుతుంది. ద్రవంలోంచి మాత్రం పోలేదు. భూమికి ఇటు భూకంపం వస్తే అటుపక్కకి ఈ అల చేరలేదు కనక, రెండు వేల తొమ్మిది వందల కిలోమీటర్ల కింద కరిగిన లోహం ఉందని మనిషి కనిపెట్టాడు. ఒక్క గునపం పోటు కూడా వెయ్యకుండా!" ఆ చివరి మాట రెండుసార్లు చెప్పేదాన్ని. ఈ పాఠం నాకంటే బాగా చెప్పేవాళ్ళు జిల్లాలోనే లేరని నా పొగరు. ఇంతోటి పొగరుకీ తగిన శాస్తే జరిగింది. కాకపోతే ఆ శాస్తి నాకు కాదు, మా మేనత్తకి జరిగింది.

మా అత్తది ఉప్పలగుప్తం దాటాక సముద్రం వైపు ఊరు. నాన్న పుట్టిందీ అక్కడే. మా పేట మొత్తానికి తియ్యటి నీళ్ళ నుయ్యి ఒక్కటే, అది అత్త పెరట్లో ఉంది. తాత తవ్వాడు. అంతకుముందు పేట ఆడవాళ్ళు రైతుల నూతి దగ్గరికి వెళ్ళి, గట్టు ఎక్కకుండా దూరంగా బిందెలు పెట్టుకుని నిలబడాల్సిందే. రైతుల ఇంటి మనిషి ఎవరైనా వచ్చి, దయ పుట్టి తోడి, పైనించి పోస్తే నీళ్ళు. పొయ్యకపోతే లేవు. ఎనిమిదేళ్ళప్పుడు అత్త వాళ్ళమ్మతో పాటు ఒకనాడు పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఎండలో అలా నిలబడి, ఖాళీ బిందెతో తిరిగొచ్చిందట. ఆ సాయంత్రమే తాత గునపం పట్టుకున్నాడు.

నీళ్ళు పడ్డాక తాత ఒక నియమం పెట్టాడు. చేద ఎప్పుడూ నూతి గట్టు మీదే ఉండాలి, ఎవరూ ఇంట్లోకి తీసుకుపోకూడదు, ఎవరొచ్చినా తోడుకోవచ్చు. చుట్టూ రొయ్యల చెరువులు పెరిగి రైతుల నుయ్యి ఉప్పబడ్డాక, ఆ ఇళ్ళవాళ్ళు కూడా టిన్నులు పట్టుకుని మా నూతికే వచ్చారు. డెబ్బై దాటిన అత్త వాళ్ళకి తనే తోడి పోసేది. "వంగి పొయ్యాలే అమ్మాయ్, పైనించి పొయ్యకూడదు" అని నాతో చెప్పేది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో ఉన్న గర్వం నేను ఏ డిగ్రీ పట్టా పుచ్చుకున్నవాళ్ళ మొహంలోనూ చూడలేదు.

మా వైపు నుయ్యి తవ్వడానికి ఒక పద్ధతి ఉంది. పైన ఇసుక ఉంటుంది, వాన నీళ్ళు ఆ ఇసుకలో తియ్యగా నిలుస్తాయి. ఇసుక కింద నల్లటి బంకమన్ను. బంక కింద అంతా ఉప్పే. అందుకని గునపానికి బంక తగలగానే తవ్వేవాడు చేతులు దులుపుకుని పైకి వచ్చెయ్యాలి. ఇంకో మూరెడు దిగితే ఇంకాసిని నీళ్ళు వస్తాయని ఎవడైనా ఆశపడితే ఊరంతా కలిసి తిట్టిపోస్తారు. చదువు లేని మా తాతకి తెలిసిన భూగర్భ శాస్త్రం ఇది. చిన్నప్పుడు తాత ఒళ్ళో కూర్చుని నేనూ విన్నాను. తెలియక చేస్తే పోనీలే అనుకోవచ్చు, నేను తెలిసి చేశాను.

నిరుడు దాళ్వా వరి, అదే రెండో పంట, కోతలయ్యాక కంపెనీ వాళ్ళు దిగారు. భూమి కింద గ్యాసు ఎక్కడుందో వెతకడం వాళ్ళ పని. పొలాల్లో, తోటల్లో వరసగా కన్నాలు వేసి, అడుగున మందు పెట్టి పేలుస్తారు. ఆ దెబ్బకి పుట్టిన అల కిందికి వెళ్ళి, ఒక్కో రాతి పొరకీ తగిలి వెనక్కి వస్తుంది. పైన నేలలో మేకుల్లా గుచ్చిన పరికరాలు దాన్ని పట్టుకుంటాయి. చిన్న చిన్న భూకంపాలు పుట్టించి భూమి కడుపులో ఏముందో వినడం, అంతే. పేటలో మాత్రం ఒకటే గోల. "బాంబులు పెడతారంట, భూమి కుంగిపోద్దంట, సముద్రం మీద పడిపోద్దంట" అని ఒప్పుకోలు కాగితం మీద ఒక్కళ్ళు కూడా సంతకం పెట్టలేదు.

అప్పుడు కంపెనీ ఆఫీసరొకాయన అమలాపురంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఊళ్ళవాళ్ళతో మాట్లాడడం ఆయన ఉద్యోగం, ఇక్కడి మనిషే. "మీరు ఒక్క మాట చెబితే చాలండి మేడమ్ గారూ. వాళ్ళవి మూఢనమ్మకాలండీ. మీరంటే మీ పేటలో దేవుడితో సమానమంట కదండీ" అన్నాడు. మూఢనమ్మకం అన్న మాట చెవిన పడేసరికి నా బుద్ధి గడ్డి తింది. వెనకాముందూ చూడకుండా సరేనన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు షామియానా వేశారు. నేను గుడ్డు కోశాను. పెంకు మనం నిలబడ్డ నేల, తెల్లసొన దాని కింది పొర, పచ్చసొన నడిమి లోహపు ముద్ద అన్నాను. ఆ పెంకంత మందంలో కూడా వీళ్ళు వేసే కన్నం సూదిమొనంత ఉండదన్నాను. తరవాత పేట మగవాళ్ళని వరసగా నిలబెట్టి భుజాలు పట్టించి తోయించాను. ముసలాళ్ళు కూడా పిల్లల్లా నవ్వారు. "చూశారా, తోపు వచ్చింది, పోయింది. ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. భూమి కూడా అంతే" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆఫీసరు మనిషి ఒకడు ఇదంతా ఫోనులో తీస్తున్నాడు.

అత్త ఒక్కతే నవ్వలేదు.

"అది సరేనే అమ్మాయ్. కన్నం ఎంత లోతు?"

"అరవై అడుగులంటున్నారత్తా."

"బంక దాటతారన్నమాట."

"దాటినా ఏం కాదత్తా. పనయ్యాక పూడ్చేస్తారు."

"ఏం పెట్టి పూడుస్తారు?"

నాకు తెలియదు. ఆఫీసరు వైపు చూశాను. "అంతా రూలు ప్రకారమేనండీ పెద్దమ్మగారూ" అన్నాడాయన. అత్త ఇంకా ఏదో అడగబోతోంది. వాతావరణం చెడిపోతుందని నేనే అడ్డుపడి, "మా అత్త బడికి వెళ్ళుంటే నా ఉద్యోగం ఊడేదండీ!" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. అత్త నోరు మూసుకుని కూర్చుంది. అలా నేను ఆవిడ నోరు మూయించాను. తరవాత ఆవిడ వేలిముద్ర వేసింది, దాని కింద సాక్షిగా నేను సంతకం పెట్టాను. నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పుడు మా గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి పడి ఉంది.

కన్నం వెయ్యాల్సిన చోటు నిజానికి అత్త పెరడు కాదు. గుర్తుగా పాతే ఎర్ర జెండాని మొదట ఒక పెద్దమనిషి రొయ్యల చెరువు గట్టు మీద పాతారు. ఆయన కేకలేసేసరికి పీకి తెచ్చి అత్త కొబ్బరి చెట్ల మధ్య పాతారు, నూతికి పదిహేను అడుగుల దూరంలో. అత్త నాకు ఫోను చేసింది. నేను ఇంటర్వెల్లో ఉన్నాను, పేపర్లు దిద్దుతున్నాను. "కానివ్వత్తా, రూలు లేకుండా వాళ్ళు వెయ్యరు" అని పెట్టేశాను. ఒక్క బస్సెక్కి వెళ్ళి నా కళ్ళతో చూస్తే నా సొమ్మేం పోయేది? వెళ్ళలేదు.

పేలినప్పుడు పెద్ద చప్పుడేం రాలేదట. దుబ్బుమని, అరటి గెల కింద పడ్డట్టు వినిపించిందట. కాళ్ళ కింద జల్లుమందట, కన్నంలోంచి బురదనీళ్ళు నిలువెత్తు లేచాయట. కంపెనీ మనుషులు వైర్లు చుట్టుకుని, కన్నంలో ఒక గోనెసంచి కుక్కి, పైన రెండు పారల మట్టి వేసి వెళ్ళిపోయారు. రూలు ప్రకారం అంటే అదన్నమాట!

నెలన్నర తరవాత అత్త టీ పెడితే పాలు విరిగిపోయాయి. పాలవాడిని పట్టుకుని కడిగేసింది. మర్నాడు కొత్త పాలు, మళ్ళీ విరిగాయి. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంది. సబ్బు నురగ రాలేదు. అప్పుడు నూతి దగ్గరికి వెళ్ళి, చేద వేసి, దోసిట్లో పట్టుకుని నాలిక మీద వేసుకుంది. నాకు ఫోను చేసి, మనిషి పోతే చెప్పినట్టు చెప్పింది. "అమ్మాయ్, నుయ్యి పోయింది."

నేను కంపెనీ క్యాంపుకి నిప్పులు తొక్కినట్టు వెళ్ళాను. ఆ ఆఫీసరే కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించాడు. "ఉప్పు రొయ్యల చెరువులదండీ మేడమ్ గారూ. ఎక్కడ చూసినా అదే కదండీ" అన్నాడు.

"చెరువులు పదేళ్ళ నుంచి ఉన్నాయి. నుయ్యి నిన్న పోయింది."

"మరి అల వల్ల నీళ్ళు ఉప్పబడతాయా అండీ? మీరే చెప్పేరు కదండీ, తోపు వచ్చింది, పోయింది అని." అంటూ తన ఫోను తీసి నా వీడియో నాకే పెట్టి చూపించాడు! సిగ్గులేకపోతే సరి.

"అల సంగతి కాదండీ నేనడిగేది, కన్నం సంగతి! బంకకి చిల్లు పెట్టి గోనెసంచి కుక్కుతారా? ఇంట్లో గిన్నెకి చిల్లు పడితే గోనెసంచి కుక్కుకుంటారా మీరు?" అని అరిచాను. క్యాంపులో వాళ్ళందరూ లేచి చూశారు. ఆయన మాత్రం చిరునవ్వు చెరగనివ్వలేదు. ఫైలు తెప్పించి మ్యాపు పరిచాడు. "మా రికార్డులో ఆ చుట్టుపక్కల నుయ్యే లేదండీ. కావాలంటే చూసుకోండి, కింద సాక్షి సంతకం ఎవరిదో కూడా చూసుకోండి" అన్నాడు. చూశాను. భూమి కింద మైళ్ళ లోతున ఏముందో తెలుసుకుందామని వచ్చినవాళ్ళ కాగితంలో, భూమి మీద కళ్ళెదురుగా ఉన్న మా నుయ్యి లేదు. నా సంతకం మాత్రం గుండ్రంగా, స్పష్టంగా ఉంది.

వీడియో పూర్తిగా చూసింది కూడా ఆ రోజే. అత్త అడిగిన ప్రశ్నలు అందులో లేవు. "ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు" దగ్గరినించి ఒక్క గెంతులో చప్పట్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ ముక్క కోసేసింది వాళ్ళు. కానీ ముందు కోసింది నేనే కదా, ఆ వెకిలి జోకు వేసి. అది తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండిపోతుంది.

సోమవారాలు కలెక్టరాఫీసుకి వెళ్ళి అర్జీలు ఇచ్చాను. ఆఫీసు వాళ్ళు వచ్చి నూతి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళారు. పరిశీలనలో ఉందన్నారు. ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. ఈలోగా పేటకి వారానికి రెండుసార్లు ట్యాంకరు పంపుతున్నారు.

బస్టాండులో ఆవిడ కనిపించిన రోజు నేను వెళ్తున్నది అత్త దగ్గరికే. నేను బస్సు దిగేసరికి పేట మొదట్లో ట్యాంకరు నిలబడి ఉంది. ఆడవాళ్ళు బిందెలతో బారు తీరి ఉన్నారు, అత్త మూడో మనిషి. డ్రైవరు ట్యాంకరు పైకెక్కి కూర్చుని, పైపు పైనించి వేలాడదీసి పోస్తున్నాడు. "ఆ బిందె దూరంగా పెట్టమ్మా! మీద పడకండి! ఇలా గోల చేస్తే కట్టేసి పోతాను" అంటున్నాడు. అత్త వంతు వచ్చింది. బిందె నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఎనిమిదేళ్ళ పిల్లప్పుడు ఎలా నిలబడిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అప్పుడే బారు చివర్న ఎవరో తోశారు. ఆ తోపు ఒక్కొక్కరి భుజం మీదుగా వచ్చి అత్తకి తగిలింది. అత్త కాలు తగిలి బిందె దొర్లిపోయింది, పట్టిన నీళ్ళు రోడ్డు పాలయ్యాయి. పైనించి డ్రైవరు, "చూసుకోవద్దా ముసలమ్మా! మళ్ళీ వెనక్కెళ్ళు" అన్నాడు. నేను వాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. అత్త మాత్రం వంగి బిందె తీసుకుంది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఇంటివైపు నడిచింది.

"అత్తా, వరసలో నేను నుంచుంటాను, నువ్వు అరుగు మీద కూర్చో" అని వెంటపడ్డాను.

"ఒద్దే. ఒకసారి నిలబడ్డాను, చాలు."

నూతి దగ్గరికి వెళ్ళింది. గట్టు మీద చేద అలాగే ఉంది. ఉప్పు నీళ్ళే తోడి, వంటింట్లోకి తెచ్చి టీ పెట్టింది. పాలు విరిగాయి. వడగట్టి రెండు గ్లాసుల్లో పోసి ఒకటి నాకిచ్చింది. బస్టాండులో ఆవిడ సంగతి, వాళ్ళ మావగారి సంగతి, తెర కట్టి వేసిన వీడియో సంగతి అంతా ఏడుస్తూ, తిడుతూ చెప్పాను. కంపెనీని తిట్టాను, నన్ను తిట్టుకున్నాను. అత్త టీ తాగుతూ విని విని అడిగింది.

"ఆ రోజు ఉడికిన గుడ్డు ఎందుకు కోసేవే?"

"పచ్చిది కోస్తే లోపలిదంతా కారిపోతుంది కదత్తా, పొరలు కనపడవు."

అనేశాక నా మాట నాకే వినిపించింది. ఇరవై ఆరేళ్ళుగా ఏటా ఆ గుడ్డు నేనే ఉడకబెట్టుకుంటున్నాను. కోడిపెట్టలు పెట్టిన గుడ్లు అత్త గూట్లో బుట్టలో ఉన్నాయి. అత్త ఒకటి తీసి, పెంకుకి సూదితో పుటుక్కున చిన్న కన్నం పొడిచి, నా అరచేతిలో తలకిందులుగా పెట్టింది. తెల్లసొన తీగలా కారడం మొదలెట్టింది. వేలు అడ్డం పెట్టాను, ఆగలేదు.

"వాళ్ళ మావగారు సంతకం ఎప్పుడు పెడతానన్నాడే?" అంది అత్త.

"రేపన్నాడంటత్తా."

అత్త ఇంకో పచ్చి గుడ్డు పాత గుడ్డలో చుట్టి నా బ్యాగులో పెట్టింది. నేను ఉప్పు టీ చివరి దాకా తాగి, ముమ్మిడివరం వెళ్ళే ఆటో కోసం రోడ్డు మీదికి వచ్చాను.